జోసెఫిన్ బట్లర్ దేన్ని రద్దు చేయమంది?

పడుపువృత్తి విషయంలో చట్టం ఎలా ఉండాలన్న చర్చ వచ్చినప్పుడల్లా పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండుకు చెందిన జోసెఫిన్ బట్లర్ పేరు రెండు పక్షాల నోటా వినిపిస్తుంది. ఆ వృత్తే ఉండకూడదని, కొనే మగవాడిని శిక్షించాలని కోరేవారు ఆమెను తమ ఉద్యమానికి ఆద్యురాలిగా చెప్పుకుంటారు. ఆ వృత్తిలో ఉన్న స్త్రీల మీద పోలీసుల పెత్తనం పోవాలని, వాళ్లను నేరస్తులుగా చూడడం మానాలని కోరేవారు కూడా ఆమె పోరాటాన్నే ఉదాహరణగా చూపుతారు. ఒకే మనిషి ఈ రెండు వాదాలకూ ఎలా ఆధారమైందో తేలాలంటే, ఆమె పోరాడింది ఏ చట్టం మీదో, ఆ చట్టం ఒక మామూలు స్త్రీ బతుకులోకి ఎలా చొరబడేదో ముందుగా తెలియాలి. ఆమె చేసిన మంచిపనులను వరుసగా చెప్పుకుంటూ పోతే ఈ చిక్కు వీడదు.

## ఒకదానితో ఒకటి కలిసిపోయిన మూడు వైఖరులు

అప్పటి చర్చలో మూడు వైఖరులు ఉండేవి. మొదటిది నియంత్రణవాదం. వ్యభిచారం ఎటూ ఆగేది కాదు కనుక, ఆ స్త్రీల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, వాళ్లకు ప్రభుత్వమే వైద్యపరీక్షలు జరిపించి, రోగం ఉన్నవారిని ఆసుపత్రిలో నిర్బంధించాలని ఈ వాదం చెబుతుంది. నెపోలియన్ కాలం నుంచి అప్పటిదాకా పారిస్‌లో నడుస్తూ వచ్చిన పద్ధతి ఇదే. రెండోది రద్దువాదం. ప్రభుత్వం నడిపే ఈ రిజిస్టరు, పరీక్ష, నిర్బంధం మొత్తాన్ని ఎత్తివేయాలన్నది దీని కోరిక. బానిసత్వ రద్దు ఉద్యమం నుంచి తెచ్చుకున్న ఈ పేరును బట్లర్ వర్గం ఉద్దేశపూర్వకంగానే పెట్టుకుంది. మూడోది నైతిక శుద్ధివాదం. చట్టాన్నీ పోలీసులనూ ప్రయోగించి సమాజంలోని దుర్నీతిని తుడిచిపెట్టాలన్నది దీని లక్ష్యం.

రెండో వర్గం, మూడో వర్గం చాలాకాలం ఒకే వేదిక మీద కనిపించాయి. రద్దు అన్నది ప్రభుత్వ నియంత్రణకా, వృత్తికా అన్న గందరగోళం అక్కడే మొదలైంది. బట్లర్ వ్యక్తిగతంగా వ్యభిచారాన్ని పాపంగానే చూసిన క్రైస్తవ భక్తురాలు. కానీ చట్టం విషయానికి వచ్చేసరికి ఆమె అడిగిన ప్రశ్న పాపం గురించి కాదు. విచారణ లేకుండా, నేరం రుజువు కాకుండా ఒక మనిషి శరీరాన్ని పట్టుకుని పరీక్షించే అధికారం రాజ్యానికి ఎవరిచ్చారన్నదే ఆమె ప్రశ్న. ఈ తేడాను గట్టిగా పట్టుకోకపోతే ఆమె తర్వాతి జీవితంలోని ఏ మలుపూ అర్థం కాదని నా అభిప్రాయం.

## నార్తంబర్లండ్ నుంచి లివర్‌పూల్ దాకా

జోసెఫిన్ గ్రే 1828 ఏప్రిల్ 13న ఇంగ్లండు ఉత్తర సరిహద్దులోని నార్తంబర్లండ్ జిల్లాలో, మిల్‌ఫీల్డ్‌లో పుట్టింది. తండ్రి జాన్ గ్రే పేరున్న వ్యవసాయ నిపుణుడు, బానిసత్వానికి బద్ధవ్యతిరేకి. 1832 ఎన్నికల సంస్కరణ చట్టాన్ని తెచ్చిన ప్రధాని ఎర్ల్ గ్రే ఆయనకు దాయాది. పార్లమెంటు, బానిసల విముక్తి, ధాన్యం పన్నులు ఆ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర మాట్లాడుకునే విషయాలు. రాజకీయం ఆడపిల్లలకు అక్కరలేదన్న పట్టింపు ఆ తండ్రికి లేదు.

1852లో ఆమె జార్జ్ బట్లర్ అనే విద్యావేత్తను పెళ్లాడి ఆక్స్‌ఫర్డ్ చేరింది. పెళ్లయిన స్త్రీలు అరుదుగా కనిపించే ఆ విశ్వవిద్యాలయ పట్టణంలో, మగవాళ్లు చేసే తప్పులకు ఒక కొలత, ఆడవాళ్లు చేసే తప్పులకు మరొక కొలత ఉండడం ఆమె మొదటిసారి దగ్గరగా చూసింది. విశ్వవిద్యాలయానికి చెందిన ఒక పెద్దమనిషి మోసం చేయగా తల్లి అయిన ఒక యువతి, బిడ్డను చంపిన నేరానికి న్యూగేట్ జైలులో ఉంది. ఆ మనిషిని నిలదీయాలని జోసెఫిన్ కోరితే, మౌనంగా ఉండడమే మేలని సలహా దొరికింది. శిక్ష ముగిశాక ఆ యువతిని బట్లర్ దంపతులు తమ ఇంట్లో పనిలో పెట్టుకున్నారు. జార్జ్ బట్లర్ గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. భార్య బహిరంగ సభల్లో వ్యభిచారం గురించి మాట్లాడడం వల్ల తన ఉన్నతి దెబ్బతింటుందని తెలిసి కూడా ఆయన చివరిదాకా ఆమె పక్షాన నిలిచాడు. చర్చిలో ఆయనకు రావాల్సిన పదవి చాలా ఆలస్యంగా, 1882లో గానీ రాలేదు.

1864 ఆగస్టులో, వాళ్లు చెల్టెనమ్‌లో ఉండగా, అయిదేళ్ల కూతురు ఈవా బయటి నుంచి వచ్చిన తల్లిదండ్రులకు ఎదురు రావాలన్న ఆత్రంలో మేడమెట్ల కమ్మీ మీద నుంచి కింది గచ్చు మీద పడి, కొన్ని గంటల్లో చనిపోయింది. 1866లో జార్జ్‌కు లివర్‌పూల్ కాలేజీలో ప్రిన్సిపల్ ఉద్యోగం రావడంతో కుటుంబం ఆ రేవుపట్టణానికి మారింది. తన దుఃఖం కంటే తీవ్రమైన దుఃఖాన్ని వెతుక్కుంటూ ఇంటి నుంచి బయటకు వెళ్లానని ఆమె తర్వాత రాసుకుంది. వెళ్లింది బ్రౌన్‌లో హిల్ వర్క్‌హౌస్‌కు. వర్క్‌హౌస్ అంటే దిక్కులేని పేదలకు తిండి పెట్టి, బదులుగా కఠినమైన పని చేయించుకునే ప్రభుత్వ సత్రం. అక్కడి నేలమాళిగలో స్త్రీలు తారు పట్టిన పాత ఓడతాళ్లను వేళ్లతో పీచుగా విడదీసేవారు. ఓడల పలకల సందులు పూడ్చడానికి ఆ పీచు పనికొచ్చేది. పట్టెడన్నం కోసం ఆ పనికి వచ్చేవాళ్లలో పడుపువృత్తి చేసేవాళ్లు, ఆ అంచున ఉన్నవాళ్లు చాలామంది. బట్లర్ వాళ్లతో పాటు నేల మీద కూర్చుని పీచు తీయడానికి ప్రయత్నించింది. ఆమెకు ఆ పని చేతకాకపోవడం చూసి వాళ్లు నవ్వారు. మాటలు అక్కడే కలిశాయి.

ఆ తర్వాత జబ్బుపడిన అమ్మాయిలను తన ఇంటికే తెచ్చుకుంది. క్షయతో చనిపోతున్న మేరియన్ అనే యువతి వాళ్లలో మొదటిది. ఇల్లు చాలక ఒక విశ్రాంతి గృహం, ఆపైన చేతిపని నేర్పే గృహం పెట్టింది. ఈ పనిలో ఆమెకు తేలిన విషయం ఒకటుంది. ఈ స్త్రీలలో చాలామందిని వీధిలోకి తెచ్చింది కామం కాదు, కూలి చాలకపోవడం. అందుకే అదే కాలంలో ఆమె స్త్రీల చదువు, ఉద్యోగాల మీద దృష్టి పెట్టింది. ఆన్ క్లఫ్ అనే విద్యావేత్తతో కలిసి 1867లో ఏర్పాటు చేసిన ఉత్తర ఇంగ్లండు మహిళా ఉన్నతవిద్యా మండలికి 1873 దాకా అధ్యక్షురాలిగా ఉంది. స్త్రీలకు పరీక్షలు పెట్టాలని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి వినతిపత్రం ఇచ్చింది. పెళ్లయిన స్త్రీలకు ఆస్తిహక్కు కోసం సంతకాలు సేకరించింది. ఇవన్నీ వేరువేరు పనులుగా కనిపిస్తాయి గానీ, ఆమె దృష్టిలో అన్నీ ఒకే సమస్యకు సంబంధించినవే.

## చట్టం ఒక స్త్రీని ఎలా పట్టుకునేది?

అప్పటి బ్రిటిష్ సైనికులకు పెళ్లి చేసుకునే అనుమతి దొరకడం కష్టం. 1864 నాటికి సైన్యంలో జబ్బుపడిన ప్రతి ముగ్గురిలో ఒకరికి ఉన్నది సుఖవ్యాధే. ఆ వ్యాధులతో ఆసుపత్రి చేరికలు వెయ్యిమంది సైనికులకు సుమారు 290 దాకా ఉండేవి. సైనికులకే క్రమం తప్పకుండా పరీక్షలు చేయాలని మొదట ప్రయత్నించారు గానీ, అది వాళ్ల ఆత్మగౌరవాన్ని దెబ్బతీస్తుందంటూ మానుకున్నారు. మగవాడికి అవమానమని విడిచిపెట్టిన పరీక్షనే తర్వాత చట్టం స్త్రీకి విధించింది. 1864లో వచ్చిన అంటువ్యాధుల చట్టం పార్లమెంటులో దాదాపు చర్చ లేకుండానే ఆమోదం పొందింది. పశువుల అంటురోగాల చట్టాలకూ ఇలాంటి పేరే ఉండడంతో జనం దీన్ని పెద్దగా గమనించలేదు. 1866లో దాన్ని కఠినం చేశారు. 1869లో విస్తరించారు. పోర్ట్స్‌మత్, ప్లిమత్, చాథమ్, ఆల్డర్‌షాట్ వంటి ఓడరేవులూ దండు పట్టణాలూ కలిపి 18 ప్రాంతాలు దీని కిందకు వచ్చాయి.

ఇది ఎలా నడిచేదో చూడడానికి, ప్లిమత్ పక్కన డెవన్‌పోర్టులో అద్దెగదిలో ఉంటూ కుట్టుపని చేసుకునే ఒక యువతిని ఊహించుకుందాం. కూలి చాలని వారాల్లో ఆమె ఒక నావికుడితో కనిపించి ఉండవచ్చు, కనిపించకపోయి ఉండవచ్చు. లండన్ నుంచి వచ్చిన మఫ్టీ పోలీసు ఒకడు ఆమె పడుపువృత్తి చేస్తోందని తాను నమ్ముతున్నానని చెబితే చాలు. పడుపువృత్తి చేసే స్త్రీ అంటే ఎవరో చట్టం నిర్వచించలేదు. ఆమె ముందు రెండు దారులు ఉండేవి. స్వచ్ఛందంగా లొంగిపోతున్నానన్న కాగితం మీద సంతకమో వేలిముద్రో వేయడం మొదటిది. చదువు రాని స్త్రీలు చాలామంది అందులో ఏముందో తెలియకుండానే వేసేవారు. వేయకపోతే మేజిస్ట్రేటు ముందుకు వెళ్లాలి. అక్కడ జ్యూరీ ఉండదు. పోలీసు ప్రమాణపూర్వకంగా చెప్పిన అనుమానం ఒకవైపు, ఆమె మాట మరొకవైపు. తాను అలాంటిదాన్ని కాదని ఆమే రుజువు చేసుకోవాలి.

సంతకంతో అయినా, ఉత్తర్వుతో అయినా ఆమె పదిహేను రోజులకొకసారి, ఏడాది దాకా, ప్రభుత్వ డాక్టరు ముందు లోహపు పరికరంతో అంతర్గత పరీక్షకు హాజరు కావాలి. రానంటే జైలు. రోగం ఉందని డాక్టరు అంటే లాక్ ఆసుపత్రి అనే ప్రత్యేక ఆసుపత్రిలో నిర్బంధం. 1864లో దీని గడువు మూడు నెలలు, 1866లో ఆరు నెలలు, 1869లో తొమ్మిది నెలలు. ఆమెతో ఉన్న నావికుడికి ఈ చట్టంలో ఏమీ లేదు.

పరీక్షకు వెళ్లే స్త్రీలను ఇరుగుపొరుగంతా చూసేది. అప్పటిదాకా అవసరానికి ఆ వృత్తిలోకి వచ్చి, కుట్టుపనో ఇంటిపనో దొరకగానే బయటపడే స్త్రీలు ఒకసారి రిజిస్టరులో పేరెక్కితే ఇక బయటపడడం కష్టమైపోయింది. 1875లో ఆల్డర్‌షాట్‌లో జరిగిన శ్రీమతి పెర్సీ ఉదంతం దేశమంతటినీ కుదిపింది. ఆమె నాటకశాలలో పాడి పొట్టపోసుకునే స్త్రీ. ఆమె, పదహారేళ్ల కూతురు పరీక్షకు రావాలని పోలీసులు అడిగితే ఆమె నిరాకరించింది. తనకు జరుగుతున్న వేధింపును వివరిస్తూ డెయిలీ టెలిగ్రాఫ్ పత్రికకు ఉత్తరం రాసింది. పని పోయింది. ఆ మార్చిలో ఆమె శవం బేసింగ్‌స్టోక్ కాలువలో తేలింది.

## సమర్థించినవారి వాదన

ఈ చట్టాన్ని సమర్థించినవారందరూ స్త్రీద్వేషులు కారు. బ్రిటన్‌లో వైద్యవృత్తిలోకి దారి తెరిచిన ఎలిజబెత్ గారెట్ 1870లో దీన్ని సమర్థిస్తూ రాసింది. భర్తల నుంచి రోగం అంటుకునే భార్యలు, పుట్టుకతోనే రోగం పొందే పసిపిల్లలు ఏ తప్పూ చేయలేదని, వాళ్లను కాపాడే బాధ్యత సమాజానికి ఉందని, పేద స్త్రీలకు ఈ ఆసుపత్రుల్లో తప్ప వైద్యం దొరకదని ఆమె వాదన. మామూలు ఆసుపత్రులు చాలావరకు ఇలాంటి రోగులను చేర్చుకోని రోజుల్లో ఈ మాటకు బరువుంది. చట్టం అమలైన ఊళ్లలో వీధులు నెమ్మదించాయని, చిన్న వయసు ఆడపిల్లలు ఈ వృత్తిలోకి రావడం తగ్గిందని స్థానిక అధికారులు కూడా చెప్పేవారు.

వైద్యపరంగా చిక్కు మరోచోట ఉంది. గనేరియాకు కారణమైన సూక్ష్మజీవిని 1879లో, సిఫిలిస్‌కు కారణమైన దాన్ని 1905లో గాని కనుక్కోలేదు. 1860లలో డాక్టరు కంటితో చూసి తేల్చాల్సిందే. స్త్రీలలో గనేరియా బయటికి కనిపించకుండా ఉండిపోవడం సాధారణం. అప్పట్లో వాడిన పాదరస చికిత్స పుండ్లను మాన్పినా రోగాన్ని తీసేసేది కాదు. సంభోగంలో పాల్గొన్న ఇద్దరిలో ఒకరినే పరీక్షించి అంటువ్యాధిని ఆపడం సాధ్యం కాదని నేడు మనం తేలిగ్గా చెప్పగలం. సైన్యంలో రోగుల సంఖ్య కొంత తగ్గినమాట నిజమే కానీ, ఆ తగ్గుదల చట్టానికి ముందే మొదలైందని వ్యతిరేకులు చూపించారు. ఏళ్ల తరబడి రెండు పక్షాలూ అవే లెక్కలను అటూ ఇటూ తిప్పి వాదించుకున్నాయి.

బట్లర్ ఈ లెక్కల పోటీలోకి దిగడానికి ఇష్టపడలేదు. చట్టం పనిచేస్తోందని రుజువైనా తన వ్యతిరేకత మారదని, ఈ చట్టాలపై విచారణకు ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ ముందు 1871లో ఆమె తేల్చి చెప్పింది. తన పక్షాన లెక్కలున్నా వాటి మీద నిలబడకపోవడం తెగువే. లెక్కల మీద కట్టిన వాదన లెక్కలు మారితే కూలిపోతుందని ఆమెకు తెలుసు. 1890లలో అదే జరిగింది.

## గడ్డి అటకలో సభ

1869 చివర్లో ఈ చట్టాల రద్దు కోరుతూ ఒక సంఘం ఏర్పడినప్పుడు మొదట అందులో స్త్రీలకు చోటు లేదు. దాంతో స్త్రీల హక్కుల కార్యకర్త ఎలిజబెత్ వోల్‌స్టెన్‌హోమ్ కోరిక మీద బట్లర్ నాయకత్వంలో మహిళల జాతీయ సంఘం పుట్టింది. 1870 సంవత్సరాది రోజున డెయిలీ న్యూస్ పత్రికలో ఆ సంఘం నిరసన ప్రకటన వచ్చింది. ఫ్లోరెన్స్ నైటింగేల్, రచయిత్రి హారియెట్ మార్టినో సంతకాలు అందులో ఉన్నాయి. నేరాన్ని నిర్వచించకుండా శిక్ష వేస్తున్నారని, చట్టం ప్రతి స్త్రీకీ ఇచ్చిన వ్యక్తిగత రక్షణలన్నీ ఒక వర్గానికి లేకుండా చేస్తున్నారని, తప్పుకు మూలమైన మగవాళ్లను వదిలి బాధితులను దండిస్తున్నారని ఆ ప్రకటన సారాంశం. మర్యాదగల కుటుంబాల స్త్రీలు సుఖవ్యాధుల గురించి పేర్లు పెట్టి పత్రికలో రాయడం ఆనాటి సమాజానికి దిగ్భ్రాంతి కలిగించింది.

ఓటుహక్కు లేని స్త్రీలు ఎన్నికలను ఆయుధంగా ఎలా వాడారన్నది ఈ ఉద్యమంలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే అంశం. 1870 నవంబరులో కోల్‌చెస్టర్ ఉపఎన్నికలో, మాల్టా గవర్నరుగా ఉన్నప్పుడు ఇలాంటి నియంత్రణను అమలు చేసిన సర్ హెన్రీ స్టోర్క్స్ అధికారంలో ఉన్న లిబరల్ పార్టీ అభ్యర్థి. బట్లర్ వర్గం ఓట్లు చీల్చడానికి తమ అభ్యర్థిని నిలిపింది. రౌడీమూకలు ఆమె దిగిన హోటలును చుట్టుముట్టాయి. మరో చోట ఒక కిరాణా వ్యాపారి ఆమెను తన సరుకుల మధ్య దాచాడు. స్టోర్క్స్ ఓడిపోయాడు. ప్రభుత్వం వెంటనే విచారణకు రాయల్ కమిషన్ వేసింది.

1872 ఆగస్టులో పాంటిఫ్రాక్ట్ ఉపఎన్నికలో మంత్రి హ్యూ చిల్డర్స్ మీద ప్రచారం చేయడానికి వెళ్లినప్పుడు ఆమెకు సభకు హాలు ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఊరిచివర ఒక గడ్డి అటక దొరికింది. నిచ్చెన లాంటి మెట్లెక్కి, నేలలోని రంధ్రం గుండా లోపలికి చేరాలి. స్త్రీలు లోపల కూర్చుని ప్రార్థన మొదలుపెట్టేసరికి కింద ఎవరో గడ్డికట్టలకు నిప్పంటించారు. పొగ పలకల సందుల్లోంచి పైకి వచ్చింది. నిచ్చెన మెట్ల మీద కొందరు మగవాళ్లు పైకెక్కి వచ్చి బూతులు తిడుతూ దారికి అడ్డంగా నిలబడ్డారు. పోలీసులు చూస్తూ ఉండిపోయారు. బట్లర్‌తో వచ్చిన ఒక మహిళ, ఆమె కలిసి ఆ రంధ్రంలోంచి కిందికి దూకి బయటపడ్డారు. బ్రిటన్‌లో రహస్య బ్యాలెట్‌తో జరిగిన మొట్టమొదటి పార్లమెంటు ఎన్నిక ఇదే. చిల్డర్స్ గెలిచాడు గానీ ఆధిక్యం తగ్గింది.

రాయల్ కమిషన్ నివేదికలో ఒక వాక్యం ఉద్యమానికి ఊతమైంది. స్త్రీ డబ్బు కోసం తప్పు చేస్తుంది, పురుషుడిది సహజమైన కోరిక అదుపు తప్పడం మాత్రమే కనుక ఇద్దరినీ పోల్చలేమన్నది ఆ వాక్యం భావం. రెండు కొలతలు ఉన్నాయని బట్లర్ అంటున్న మాటను ప్రభుత్వ కమిషనే అచ్చువేసి ఒప్పుకున్నట్టయింది. తర్వాతి పదిహేనేళ్లలో 17 వేలకు పైగా వినతిపత్రాలు, 26 లక్షల పైచిలుకు సంతకాలతో పార్లమెంటుకు చేరాయి. జేమ్స్ స్టాన్స్‌ఫెల్డ్ అనే మాజీ మంత్రి తన రాజకీయ భవిష్యత్తును పణంగా పెట్టి సభలో ఈ పోరాటాన్ని నడిపించాడు. 1883 ఏప్రిల్ 20న నిర్బంధ పరీక్షకు వ్యతిరేకంగా ఆయన పెట్టిన తీర్మానం 110కి 182 ఓట్లతో నెగ్గింది. 1886లో చట్టాలే రద్దయ్యాయి.

## 1885: మిత్రపక్షం నుంచి వచ్చిన చిక్కు

ఈ విజయానికి ఏడాది ముందే కథ మరో మలుపు తిరిగింది. 1880 ప్రాంతంలో ఇంగ్లిషు అమ్మాయిలను బ్రస్సెల్స్ వేశ్యాగృహాలకు తరలిస్తున్న వ్యవహారం బయటపడింది. దాన్ని బట్టబయలు చేసినవారిలో బట్లర్ ఒకరు. అప్పటికి సమ్మతి వయసు, అంటే లైంగిక సంబంధానికి ఆడపిల్ల ఇచ్చే సమ్మతి చట్టంలో చెల్లే వయసు, 13 ఏళ్లు. 1885 జూలైలో పాల్ మాల్ గెజెట్ సంపాదకుడు డబ్ల్యూ.టి. స్టెడ్, పసిపిల్లల అమ్మకం మీద సంచలన కథనాలు అచ్చువేశాడు. పిల్లను కొనవచ్చని రుజువు చేయడానికి ఆయన నిజంగానే ఒక పిల్లను కొని, ఆ నేరానికి మూడు నెలలు జైలుకు వెళ్లాడు. ఈ అలజడిలో వచ్చిన క్రిమినల్ లా సవరణ చట్టం సమ్మతి వయసును 16కు పెంచింది. బట్లర్ దీనికోసం పనిచేసింది, సంతోషించింది.

కానీ అదే చట్టం వేశ్యాగృహాలపై దాడులు చేసే విస్తృత అధికారాన్ని పోలీసులకు ఇచ్చింది. పురుషుల స్వలింగ సంబంధాలను నేరం చేసిన సెక్షను కూడా అందులోనే చేరింది. పదేళ్ల తర్వాత ఆస్కార్ వైల్డ్ జైలుకు వెళ్లింది దాని కిందే. శుద్ధి సంఘాలు ఊరూరా పుట్టి, అద్దెగదుల్లో ఉన్న స్త్రీలను ఖాళీ చేయించడం మొదలుపెట్టాయి. వీధిన పడ్డ స్త్రీలు తార్పుడుగాళ్ల చేతుల్లోకి పోయారు. ఆ సంఘాల్లో ఉన్నవారు నిన్నటిదాకా బట్లర్ సహచరులే. వాళ్ల నుంచి ఆమె క్రమంగా దూరమైంది. బలప్రయోగంతో మనుషులను నీతిమంతులను చేయవచ్చని నమ్మే శుద్ధి సంఘాలతో జాగ్రత్తగా ఉండాలని 1897లో ఆమె ఘాటుగా హెచ్చరించింది. ఆమెను పూర్తిగా తమ మనిషిగా చెప్పుకునే రెండు పక్షాలకూ ఈ దశాబ్దం ఇబ్బంది పెడుతుంది. 1885 చట్టం కోసం పోరాడినదీ ఆమే, ఆ చట్టం పేరుతో జరిగిన దాడులను వ్యతిరేకించినదీ ఆమే.

## ఇండియా దండు ప్రాంతాలలో

ఇంగ్లండులో రద్దయిన విధానం సామ్రాజ్యంలో కొనసాగుతూనే ఉంది. కంటోన్మెంటు అనగానే తెలుగువారికి సికింద్రాబాదు గుర్తొస్తుంది. ఊరిపాలన సైతం సైనికాధికారుల చేతిలో ఉండే అలాంటి దండు ప్రాంతాలు దేశమంతటా ఉండేవి. 1864 కంటోన్మెంటు చట్టం, 1868 భారత అంటువ్యాధుల చట్టం కింద స్త్రీల రిజిస్టర్లు, పరీక్షలు, లాక్ ఆసుపత్రులు ఇక్కడా నడిచాయి. రెజిమెంటు బజారులో చక్లా అనే ఇల్లు, దాని మీద మహల్దార్నీ అనే పెత్తందారు స్త్రీ ఉండేవారు. ఇంగ్లండులో ప్రభుత్వం ఈ వృత్తిని అదుపు చేస్తున్నానని చెప్పుకుంది. ఇక్కడ సైన్యం ఆ పేరుతో స్త్రీలను సమకూర్చుకుంది. 1886 జూన్‌లో సర్వసేనాని ఫ్రెడరిక్ రాబర్ట్స్ కార్యాలయం నుంచి వెళ్లిన ఒక సర్క్యులరు, రెజిమెంటు బజార్లలో తగినంతమంది స్త్రీలు ఉండేలా, వాళ్లు ఆకర్షణీయంగా ఉండేలా చూడాలని అధికారులకు సూచించింది. 1888లో ఇది బ్రిటిష్ పత్రికల్లోకి రాగానే పార్లమెంటు ఈ విధానాన్ని ఖండించింది. భారత చట్టం రద్దయింది.

చట్టం పోయినా ఆచరణ పోలేదు. దీన్ని కళ్లారా చూసి రమ్మని బట్లర్ ప్రోత్సహించగా ఎలిజబెత్ ఆండ్రూ, డాక్టర్ కేట్ బుష్నెల్ అనే ఇద్దరు అమెరికన్ మహిళలు 1891-92 శీతాకాలంలో లక్నో, మీరట్, పెషావర్ సహా పది కంటోన్మెంట్లు తిరిగి, వందల మంది స్త్రీలతో మాట్లాడారు. 1893లో ఏర్పాటైన విచారణ సంఘం వాళ్ల సాక్ష్యాన్ని చాలావరకు నిజమని తేల్చింది. మొదట కొట్టిపారేసిన రాబర్ట్స్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. 1895 సవరణతో నిర్బంధ పరీక్షను నిషేధించారు. అయితే భారత్‌లోని బ్రిటిష్ సేనల్లో సుఖవ్యాధుల చేరికలు ఆ కాలంలో వెయ్యికి 500 దాటాయన్న లెక్కలతో గాలి మళ్లీ తిరిగింది. మద్యనిషేధ ఉద్యమ నాయకురాలు లేడీ హెన్రీ సోమర్‌సెట్ వంటివారు కూడా 1897లో నియంత్రణను సమర్థించారు. ఆమె ఆ మరుసటి ఏడాది ఆ మద్దతును వెనక్కి తీసుకుంది. 1897లో నిబంధనలు కొత్త రూపంలో తిరిగొచ్చాయి. డెబ్బైకి చేరువైన బట్లర్ స్టార్మ్ బెల్ అనే పత్రిక పెట్టి మళ్లీ పోరాడింది. ఈసారి గెలవలేదు.

## ఆమెపై ఉన్న ప్రశ్నలు

చరిత్రకారులు బట్లర్‌ను విమర్శించే చోట్లలో ముఖ్యమైనది ఇదే భారత అధ్యాయం. ఆమె ఎన్నడూ ఇండియాకు రాలేదు. ఆమె రాతల్లో భారతీయ స్త్రీ ఎవరో వచ్చి కాపాడవలసిన మూగ బాధితురాలిగానే ఎక్కువగా కనిపిస్తుంది. సామ్రాజ్యం ఉండకూడదని ఆమె అనలేదు, అది నీతిగా ఉండాలంది. దక్షిణాఫ్రికాలో డచ్చి సంతతివారైన బోయర్లతో బ్రిటన్ చేసిన యుద్ధకాలంలో, బ్రిటిష్ పాలన కిందనే ఆఫ్రికా నల్లజాతివారికి ఎక్కువ రక్షణ ఉంటుందని వాదిస్తూ 1900లో పుస్తకం రాసి, తన పాత మిత్రుల్లో చాలామందికి దూరమైంది. బానిసత్వ వ్యతిరేకతే తనను అటు నడిపించిందని ఆమె సమర్థన. ఆ యుద్ధంలో నిర్బంధ శిబిరాలు తెరిచిన సామ్రాజ్యానికి ఆ నమ్మకం దక్కాల్సింది కాదని నేను భావిస్తాను.

వర్గం గురించిన విమర్శ కూడా ఉంది. సంఘాన్ని నడిపింది పై, మధ్యతరగతి స్త్రీలు. పడుపువృత్తిలో ఉన్నవారిని వాళ్లు చెల్లెళ్లుగా, కూతుళ్లుగా చూశారు గానీ సాటి కార్యకర్తలుగా చూడడం అరుదు. అయినా డెవన్‌పోర్టు, సౌతాంప్టన్ వంటి ఊళ్లలో పరీక్షకు రానని మొండికేసి మేజిస్ట్రేటు ముందు నిలబడింది ఆ పేద స్త్రీలే. సంఘం వాళ్లకు వకీళ్లను పెట్టింది. ఉద్యమచరిత్రలో వాళ్ల పేర్లు అరుదుగా మిగిలాయి.

## ఈనాటి చట్టంలో ఆమె జాడ

1875లో బట్లర్ స్థాపించిన అంతర్జాతీయ సమాఖ్య జెనీవా కేంద్రంగా యూరప్‌లో నియంత్రణ విధానాలపై పోరాడింది. ఆమె 1906 డిసెంబరు 30న నార్తంబర్లండ్‌లోనే చనిపోయింది. 1904 నుంచి మనుషుల అక్రమ రవాణాపై వచ్చిన అంతర్జాతీయ ఒప్పందాలు, వాటిని కలుపుతూ 1949లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడిక ఈ ఉద్యమ వారసత్వంలోవే. భారత్ 1950 మే 9న న్యూయార్క్‌లో దానిపై సంతకం చేసింది. ఆ ఒడంబడికను అమలు చేయడానికే 1956లో మన అనైతిక వ్యాపార నిరోధక చట్టం వచ్చింది.

ఈ చట్టం నిర్మాణం చూస్తే బట్లర్ జీవితంలోని రెండు పాయలూ కనిపిస్తాయి. పడుపువృత్తి చేయడమే నేరమని అది అనదు, స్త్రీలను రిజిస్టరు చేయదు. ఇది రద్దువాదం. వేశ్యాగృహం నడపడం, మరొకరి సంపాదనపై బతకడం, బహిరంగంగా విటులను పిలవడం నేరాలంటుంది. పట్టుబడిన స్త్రీని రక్షణగృహానికి పంపే వీలు కల్పిస్తుంది. ఇది 1885 చట్టం దారి. ఉదాహరణకు, ఒక గదిలో ఇద్దరు ముగ్గురు స్త్రీలు భద్రత కోసం కలిసి ఉంటే అది వేశ్యాగృహమవుతుంది. దాడిలో దొరికిన వయోజన స్త్రీ తనకు రక్షణ అక్కరలేదని చెప్పినా గృహంలో నెలల తరబడి ఉండాల్సి రావచ్చు. రక్షణగృహం అవసరమనేవారు, ఆమె మాట వెనక తార్పుడుగాడి బెదిరింపు ఉండవచ్చని, అప్పులోనో నిర్బంధంలోనో ఉన్న స్త్రీ సమ్మతిని ముఖవిలువకు తీసుకోలేమని అంటారు. వ్యతిరేకించేవారు, బాధితురాలు ఎవరో, తన ఇష్టంతో ఉన్నది ఎవరో తేల్చకుండా అందరినీ తాళం వెనక పెట్టడం శిక్షే అవుతుందంటారు.

2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులు ఈ ముడి దగ్గరికే వచ్చాయి. సెక్స్ వర్కర్లను గౌరవంగా చూడాలని పోలీసులను ఆదేశించిన కోర్టు, రక్షణగృహాల్లో తమ ఇష్టానికి వ్యతిరేకంగా ఉన్న వయోజన స్త్రీలు ఎందరో సర్వే చేయించి, వాళ్ల విడుదలను నిర్ణీత కాలంలో పరిశీలించాలని రాష్ట్ర ప్రభుత్వాలకు చెప్పింది. తాను నియమించిన నిపుణుల సంఘం చేసిన పది సిఫారసులలో కొన్నిటికి కేంద్రం అభ్యంతరం చెప్పగా, మిగిలినవాటిని పార్లమెంటు చట్టం చేసేదాకా అమలు చేయాలంది. సమ్మతితో పనిచేస్తున్న వయోజన స్త్రీపై పోలీసులు క్రిమినల్ చర్య తీసుకోరాదన్న సిఫారసు, ఆ అభ్యంతరం ఉన్నవాటిలో ఒకటి.